బండి ఆగు చోటు

పట్టణముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా రాజులను, కోటలను, దేవాలయములను లెక్కింతురు. మన కృష్ణా మండలపు పట్టణముల చరిత్రను వేరొక విధముగా గూడ వ్రాయవచ్చును. బండి యెచ్చట ఆగెనో చెప్పినచో, ఊరెట్లు పెరిగెనో చాలవరకు చెప్పినట్లే. దారి ఊరి నడుమనుండి పోయినను, దానివలన ఊరివారికి దుమ్మును చప్పుడును తప్ప వేరు లాభము లేకపోవచ్చును. ఆ దారిమీద నొకచోట బండి ఆగుట మొదలిడినప్పుడే అచ్చట సత్రము వెలయును. చెట్టుక్రింద మజ్జిగ యమ్ము ముసలమ్మ చేరును. క్రమముగా అంగడియు, వీధియు, పేటయు నేర్పడును.

విజయవాడలో వేయదలచిన నగర రైలుమార్గమును గూర్చిన ప్రసంగములలో రెండు ప్రశ్నలు తఱచుగా వినవచ్చును. “బండి మా యింటికి దగ్గరగా ఆగునా?” యనునది మొదటిది. “మా యంగడి యెదుట స్తంభము లేచునా?” యనునది రెండవది. రెండును న్యాయమైనవే. కాని మూడవ ప్రశ్న యొకటి కలదు. “అచ్చట దిగువా రెవరు? దిగి యెచ్చటికి నడతురు?” ఈ మూడవదాని నడుగువారు తక్కువ. దానికి సమాధానము వెదకుటకు ముందు ఊరి వెనుకటి కథను కొంత తలచుకొనుట మంచిది.

కృష్ణానది ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ ఇరుకై పాఱుచున్నది. 1832-33 సంవత్సరముల నందన కరువు గుంటూరు ప్రాంతమును నిర్మూలించిన పిమ్మట, నదికి ఆనకట్ట కట్టవలెనన్న తలపు బలపడెను. 1852లో పని యారంభమై 1855లో ముగిసెను. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ బెజవాడ నడుమనుండి బయలువెడలినవి. ఆ కాలువలు పొలములకు నీళ్లిచ్చుటయే గాక జనులకు దారులు కూడ నయ్యెను. ధాన్యపు పడవలును, ప్రయాణికుల పడవలును వానిపై నడచెను. లాకుల యొద్ద నీటిమట్టము సరిపడువరకు పడవ ఆగక తప్పదు. ఆగిన పడవనుండి జనులు దిగుదురు. దిగినవారికి అన్నము, నీడ, బేరము కావలయును. గుణదలలో నేటికిని పడవలరేవు అను పేరుగల పేట యున్నది. అచ్చట పడవ లాగుట ఎన్నడో మానినను పేరు పోలేదు. ఆగు చోటి బలము అట్టిది.

పిమ్మట రైలు వచ్చెను. నైజాము రైలుమార్గము 1889లో బెజవాడను చేరెను. 1893లో కృష్ణపై రైలువంతెన తెఱవబడెను. 1899లో మద్రాసు మార్గము కలిసెను. ఇట్లు నలుదిక్కుల బండ్లును బెజవాడలో ఆగి మఱలవలసి వచ్చెను. బందరు శతాబ్దముల రేవుపట్టణము, జిల్లాకు ముఖ్యస్థానము. 1864 నాటి ఉప్పెనలో సుమారు ముప్పదివేలమందిని పోగొట్టుకొనియు మరల లేచిన ఊరు. దానికి రైలు 1908లో గాని రాలేదు. వచ్చినప్పుడును అది దారి ముగియు చోటేగాని దారులు కలియు చోటు కాదు. 1901 జనాభా లెక్కలలో బందరునందు 39,507 మందియు, బెజవాడలో 24,224 మందియు నుండిరి. 2011 నాటికి విజయవాడ పదిలక్షలు దాటెను. బందరు లక్షా డెబ్బదివేలకు చేరువలో నిలిచెను. దీనికి రైలొక్కటియే కారణమనరాదు. కాని నాలుగు త్రోవల బండ్లు ఒకచోట నాగినచో ఏమగునో చూపుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మన ప్రాంతమున దొరకదు.

రైలు వెనుక మోటారు వచ్చెను. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు మార్గముల లారీలు కలియు ఊరిలో వానిని బాగుచేయు పనివాండ్రు పెరుగుట సహజము. వీధులలో చెల్లాచెదరుగా నున్న ఆ పనుల నొక్కచోట చేర్చుటకు 1960వ దశకమున బందరు రోడ్డు ప్రక్కను జవహర్ ఆటోనగర్ ఏర్పడెను. లేతుపని, వెల్డింగు, బాడీ కట్టుట, రంగు వేయుట, పాత సామానుల వ్యాపారము మున్నగు వృత్తులచే వేలకొలది కుటుంబములు అచ్చట బ్రదుకుచున్నవి. ఊళ్లనుండి లారీల నాకర్షించిన ఈ పేటకు తన పనివాండ్రను చేర్చు మంచి బండి మాత్రము లేదు. సైకిలుపై, ఆటోలో, కిక్కిరిసిన బస్సులో వచ్చువారే యెక్కువ.

ఇక ఇప్పటి ప్రణాళిక. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ తయారుచేసిన నివేదికలో, పండిట్ నెహ్రూ బస్సుస్టేషనునుండి బందరు రోడ్డు మీదుగా పెనమలూరు వఱకు నొకటియు, ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరు వఱకు నొకటియు, మొత్తము సుమారు 26 కిలోమీటర్ల రెండు మార్గములు సూచింపబడినవి. 2017లో కేంద్ర ప్రభుత్వము క్రొత్త మెట్రో విధానమును ప్రకటించిన పిమ్మట ఆ నివేదిక వెనుకబడి, తక్కువ ఖర్చుగల లైట్ మెట్రో ఆలోచన ముందునకు వచ్చెను. తిరిగి 2024లో సవరించిన ప్రణాళికలో ఏలూరు రోడ్డు మార్గము గన్నవరము వఱకు పొడిగింపబడి, మొదటి దశ 38.4 కిలోమీటర్లయ్యెను. 2025లో టెండర్లు పిలిచిరి. బందరు రోడ్డు శాఖలో బెంజి సర్కిలు, ఆటోనగర్, అశోక్‌నగర్, కృష్ణానగర్, కానూరు, తాడిగడప, పోరంకి మున్నగునవి ఆగు చోట్లు. ఏలూరు రోడ్డు శాఖలో పడవలరేవు గూడ నొకటి. కాలువ నాటి పేరు రైలు పటములో తిరిగి వెలసినది.

లైట్ రైలు అను మాట పాతది కాదు; 1972లో అమెరికా దేశపు అధికారులు వాడుకలోనికి తెచ్చినది. ట్రాముకును పెద్దరైలుకును నడుమ నుండు బండి యది. ట్రాము మనవారికి క్రొత్త కాదు. మద్రాసు వీధులలో 1895 మొదలు 1953 వఱకు విద్యుత్తు ట్రాములు నడచినవి. ట్రాము వీధిమీదనే పోవును గనుక అడుగడుగున ఆగినను చెల్లును. పెద్దరైలు దూరదూరముగా ఆగును. ఎచ్చట ఆగవలెనో ప్రజల నెవరును అడుగరు. ఈ నడిమి బండికి మాత్రము ఆగు చోటు వివాదాస్పద మగుట దాని స్వభావములోనే యున్నది.

లెక్క చూడుడు. బందరు రోడ్డు శాఖ సుమారు పండ్రెండున్నర కిలోమీటర్లు. ఆగు చోట్లు సుమారు పండ్రెండు. కిలోమీటరు దాటిన తరువాత గాని మఱియొక చోటు రాదు. రెంటి నడుమ నున్న యింటివానికి ఏడెనిమిది నిమిషముల నడక. ప్రతివీధివారును తమ కొకటి కోరినచో ఇవి ఇరువది నాలు గగును. వేగము తగ్గించుటకు, నిలుచుటకు, మరల పుంజుకొనుటకు ప్రతిచోట సుమారొక నిమిషము పోవును. అనగా పెనమలూరు పనివానికి ప్రయాణము పండ్రెండు నిమిషములు పెరుగును. మా వీధిలో ఆగవలెననువాడు ఇతరుల కాలమునుండియే తన సౌకర్యమును కొనుచున్నాడు. మఱియొకవంక, వేగము కొఱకు ఆగు చోట్లను తగ్గించుమనువాడు ఎండలో నడచువాని కాళ్లనుండి తన వేగమును కొనుచున్నాడు. రోహిణి యెండలకు రోళ్లు పగులును అను సామెత పుట్టిన దేశములో ఏడు నిమిషముల నడక పటముమీద కనబడునంత చిన్నది కాదు.

అంగడివాని మాటను గూడ తేలికగా త్రోసివేయరాదు. స్తంభములు లేచు కాలమున రెండు మూడేండ్లు బేరము తగ్గును. చోటు పోయినవానికి పరిహారమున్నను పాత ఖాతాదారులు తిరిగి రారు. హైదరాబాదులో సుల్తాన్ బజారు, బడీచౌడి వర్తకులు ఈ భయముతోనే చాలకాలము పోరాడిరి. అచ్చటి ఒప్పందము 2010లో కుదిరెను. మార్గము మార్చవలెనా, భూమిలోపల త్రవ్వవలెనా యను చర్చ 2014లో గూడ సాగుచునే యుండెను. నగరములో మొదటి బండ్లు 2017 నవంబరులో నడచినను, సుల్తాన్ బజారు మీదుగా పోవు మార్గము 2020 ఫిబ్రవరి వఱకు తెఱవబడలేదు. అదియు మహాత్మాగాంధీ బస్సుస్టేషను వద్దనే ఆగిపోయెను. దానికావల పాతనగరపు పేదవాడు రైలుకై మఱికొన్నేండ్లు కాచుకొనవలసి వచ్చెను. వర్తకుల వాదము తప్పో ఒప్పో ఇచ్చట నిర్ణయింప నక్కఱలేదు. ఒప్పందము కుదిరిన తరువాత సాగిన చర్చ ఎవరి కాలమును తినివేయునో మాత్రము గమనింపవలెను.

ఇప్పుడు ఆటోనగర్ సంగతికి వత్తము. పటములో ఆటోనగర్ అని చుక్క పెట్టినంతమాత్రమున బండి ఆటోనగర్‌కు వచ్చినట్లు కాదు. ఆ చుక్క బందరు రోడ్డుమీద నున్నది. పేట దానికి ఉత్తరముగా లోపలికి వ్యాపించియున్నది. గేటునుండి కిలోమీటరుకు పైగా లోపల లేతుపై పనిచేయువానికి ఆ దారిపొడవునను లారీల నడుమ, చమురు మడుగుల నడుమ నడక తప్పదు. రోడ్డు కొకవైపున ఈ కార్ఖానాలు. రెండవవైపున పటమట నివాసములు. మెట్లు ఒక వైపుననే దిగినచో రెండవవైపువారు బందరు రోడ్డును దాటవలెను. దాటలేని ముసలివారును, చంటిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లియు ఆ బండి నెక్కరు. కావున చుక్క ఎచ్చట పెట్టవలెనను వాదము కంటె, మెట్లు ఎచ్చట దిగవలెను, కాలిబాట ఎంత వెడల్పుండవలెను, లోపలి బస్సు టెర్మినలునకు చిన్నబండి ఎంతసేపటి కొకటి నడువవలెను అను వాదము ముఖ్యమైనది.

స్త్రీల సంగతి వేఱుగా చెప్పవలెను. 2025 ఆగస్టు 15 మొదలు ఈ రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. డబ్బు పెట్టి రైలెక్కవలెనన్నచో అది బస్సుకంటె త్వరగాను, భయము లేకుండను గమ్యము చేర్చవలెను. కానూరు కళాశాలలలో చదువు బాలిక రాత్రి ఏడుగంటలకు దిగినచోట దీపము లేకున్నచో, ఇంటిలోని పెద్దలు మరునాటినుండి ఆ బండిని వలదందురు. పిమ్మట ఆ కళాశాలనే వలదందురు. చదువును గూర్చి మన మెన్ని యుపన్యాసము లిచ్చినను, చీకటిలోని రెండువందల గజములు వానిని వమ్ము చేయగలవు.

ఈ మూడవ ప్రశ్న ఏల వినబడదు? సభ కెవరు వత్తురో చూచిన తెలియును. ఉదయము పదిగంటలకు సభ జరుగునెడల ఇంటి యజమాని వచ్చును. అంగడి యజమాని వచ్చును. అద్దెకున్నవాడు రాడు, లేతుపనివాడు రాలేడు, వంటింటిలోని యిల్లాలి నెవరును పిలువరు. స్తంభమువలన నష్టపడువారు సభలో నుందురు. బండివలన లాభపడువారు పనిలో నుందురు. ఇట్టి సభ తీర్మానము అబద్ధము కాదు గాని సగము నిజము.

కావున పేటపేటను పెద్దలు చేయవలసిన పని స్పష్టముగ నున్నది. పనులు మొదలుకాకముందే, మెట్లు, కాలిబాటలు, దీపములు గుర్తించిన పటమును తెలుగున వ్రాయించి గేటువద్ద కట్టింపుడు. సభను పనివాండ్రు వచ్చు సాయంకాలమున జరుపుడు. ఇంటింటినుండి నొక స్త్రీని పిలువుడు. నష్టపడు అంగడివానికి పరిహారము ముందుగనే తేల్పుడు. అప్పుడాతడు మార్గమునకు శత్రువు కాడు. ఆనకట్టను కట్టినవారు కాలువ నెచ్చట తీయవలెనో పల్లపు నేలను చూచి నిర్ణయించిరి. నీరు ఎవరి మాటను లెక్కచేయక పల్లమునకే పోవును గదా. మనుష్యుల రాకపోకలకును అట్టి పల్ల మొకటి కలదు. ఉదయము ఎనిమిదింటికి ఆటోనగర్ గేటువద్ద నిలిచి చూచువారికి అది కనబడును. బండి ఆగు చోటును అచ్చటి నడకను చూచి నిర్ణయించుట మన విధి.