ఆపదలో ఆదుకునే సామాన్యులు

ప్రమాదం, వరద, భూకంపం, గుండెపోటు వంటివి సంభవించినప్పుడు అంబులెన్సు, అగ్నిమాపక దళం, పోలీసులు వచ్చేలోగా ప్రాణాలు కాపాడే పని ఎక్కువగా అక్కడ ఉన్నవారి చేతుల మీదుగానే జరుగుతుంది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె ప్రాంతంలో వచ్చిన భూకంపంలో శిథిలాల కింద చిక్కుకున్నవారు సుమారు 35 వేలమంది అని, వారిలో ముప్పావు వంతు మందిని బయటికి తీసింది ఇరుగుపొరుగువారేనని అంచనా. విపత్తు సహాయక దళాలను తక్కువ చేయనక్కర్లేదు. దూరం నుంచి వచ్చేవారికి సమయం పడుతుంది, అంతే.

తెలుగు నేల మీద ఇందుకు చెప్పుకోదగ్గ ఉదాహరణ కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు, అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది బతికారు. వీరిని ఒడ్డుకు చేర్చడంలో ముఖ్యపాత్ర వహించింది నాటుపడవలు వేసుకుని ముందుగా అక్కడికి చేరిన సమీప గిరిజన గ్రామస్థులు. నది అడుగున చిక్కిన బోటును చివరకు అక్టోబరు 22న వెలికితీసింది కూడా మునిగిన పడవలను తీయడంలో అనుభవమున్న కాకినాడవాసి ధర్మాడి సత్యం బృందమే. ఈ రెండు సందర్భాల్లోనూ ధైర్యంతోపాటు పనిచేసింది నీటితో ఏళ్ల తరబడి ఉన్న పరిచయం. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో మత్స్యకారులు సముద్రపు పడవలను లారీలకెక్కించి ఊళ్లలోకి తెచ్చి వేలాదిమందిని కాపాడారు. అదీ ఈ కోవలోనిదే.

పదిమంది ఉన్నచోట

మరి ఎదుట ప్రాణం పోతున్నా జనం నిలబడి చూస్తారెందుకు? ఈ ప్రశ్న మీద పరిశోధనలకు ఊపునిచ్చింది 1964 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన కిటీ జెనొవీస్ హత్య. 38 మంది చూస్తూ ఊరుకున్నారని అప్పట్లో ఒక పత్రిక రాసింది. ఆ లెక్క అతిశయోక్తి అని తర్వాత తేలింది గానీ, అప్పటికే కథ ప్రపంచమంతా పాకిపోయింది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే ఒక ప్రయోగం చేశారు. పక్క గదిలో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, వింటున్నది తానొక్కరే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోగా సాయం కోసం కదిలారు. మరో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నప్పుడు కదిలినవారు 31 శాతమే. ‘ఎవరో ఒకరు చూసుకుంటారులే’ అన్న ఈ భావన మనకు కొత్త కాదు.

అయితే ఇదే చివరి మాట కాదు. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ వీధుల్లోని కెమెరాలు తీసిన 219 ఘర్షణలను పరిశీలిస్తే, పదింట తొమ్మిది సందర్భాల్లో కనీసం ఒకరైనా అడ్డుపడ్డారని 2019లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. జనం ఎక్కువైన కొద్దీ సాయం అందే అవకాశం పెరిగింది కూడా. కాబట్టి మనుషులు రాతిగుండెలవారనే తీర్పు తొందరపాటే. గుంపులో సాయం కోరేవారు అందరినీ ఉద్దేశించి అరవకుండా, ‘నీలం చొక్కా బాబూ, మీరు 108కి ఫోన్ చేయండి’ అని ఒకరిని చూపి చెప్పాలని శిక్షకులు నేర్పేది, ‘ఎవరో ఒకరు చూసుకుంటారులే’ అనుకునే అవకాశం లేకుండా చేయడానికే.

సాహసం, ఉపాయం

2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయంలో నలుగురు యువకులు మునిగిపోతుంటే, ఒడ్డున ఉన్న ముగ్గురు మహిళలు కట్టుకున్న చీరలు విప్పి నీళ్లలోకి విసిరి ఇద్దరిని లాగారు. మిగిలిన ఇద్దరు దక్కలేదు. నీటి ప్రమాదాల్లో నిపుణులు చెప్పే పద్ధతి ఇదే: ముందు కర్రో తాడో గుడ్డో అందించాలి, నీళ్లలోకి దూకడం ఆఖరి మార్గం. మునిగేవాడు ప్రాణభయంతో పట్టుకుంటే ఈతగాడు కూడా మునుగుతాడు.

పాడుబడిన బావులు, సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. లోపల ప్రాణవాయువు చాలినంత ఉండదు, లేదా హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువు పేరుకుంటుంది. పడిపోయినవాణ్ణి తీయబోయి అన్న, అతణ్ణి తీయబోయి పక్కింటివాడు, ఇలా ఒకరి వెంట ఒకరు చనిపోయిన వార్తలు మన పత్రికల్లో తరచూ వస్తుంటాయి. అక్కడ దిగకుండా ఆగి, అగ్నిమాపక శాఖకు కబురు పంపి, మిగతావారిని కూడా దిగనీయకుండా ఆపినవాడు చేసింది తక్కువ పనేమీ కాదు.

గుండె ఆగినప్పుడు మాత్రం ఆగి చూసే వ్యవధి లేదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మనిషి స్పృహ లేకుండా, సరిగా ఊపిరి ఆడక పడి ఉంటే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా గట్టిగా నొక్కాలి. సీపీఆర్ అనే ఈ పద్ధతిని ఎవరైనా కొద్దిసేపటి శిక్షణతో నేర్చుకోవచ్చు.

చట్టం

రోడ్డు ప్రమాదాల్లో చాలామందిని వెనక్కి లాగింది పోలీసు కేసుల భయం. గాయపడినవారికి ముందు చికిత్స, తర్వాతే లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సాయం చేసినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న ఆమోదం తెలిపింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, సదుద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా సాయపడినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. పేరు, చిరునామా చెప్పాలని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతం చేయరాదు. 2020 నాటి నిబంధనల ప్రకారం ఈ హక్కుల పట్టికను ప్రతి ఆసుపత్రి ప్రవేశద్వారం దగ్గర గానీ అందరికీ కనిపించే మరోచోట గానీ స్థానిక భాషలో కూడా ప్రదర్శించాలి.