శూన్యమాసం ఎవరికి?

పంచాంగం ప్రకారం డిసెంబరు మధ్య నుంచి కోనసీమలో పెళ్ళిళ్ళు లేవు. ధనుర్మాసం వస్తుంది, దాన్ని అంటుకుని పుష్యం. మాఘం వచ్చేదాకా ముహూర్తాలుండవు. పుష్యమాసం శూన్యమాసం అని పెద్దవాళ్ళు ఎంత తేలిగ్గా అనేస్తారో! ఆ శూన్యం పురోహితుడికి నిజమే. సన్నాయి మేళానికీ, ఫంక్షన్ హాలు యజమానికీ నిజమే. ఇంటి ఆడవాళ్ళకి మాత్రం ఏడాది మొత్తంలో ఇంత కిక్కిరిసిన నెల మరొకటి ఉండదు. తెల్లవారుజామున ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెల పాకాలు, హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ దిగే కొడుకులూ కోడళ్ళూ, మర్యాదల లెక్క తప్పకూడని కొత్తల్లుడు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే చుట్టాలు. ప్రభల్ని భుజాన ఎత్తుకుని చేలకడ్డంగా, కాలవలకడ్డంగా నడిచే మగవాళ్ళని అందరూ చూస్తారు. ఆ పూట ఇంటికొచ్చిన పాతికమందికి వండినవాళ్ళని చూడ్డానికి ఎవరూ తీర్థం వెళ్ళరు కదా.

మాఘంలో ఇంట్లో పెళ్ళుంటే ఆ పనంతా కూడా ఈ 'ఖాళీ' నెలలోనే. పసుపు కొట్టడం, అప్పడాలు వత్తడం, బూడిదగుమ్మడి వడియాలు ఎండబెట్టడం, ఎవరింటికి ఎవరు పిలుపుకెళ్ళాలో, ఎవరికి ఏ చీర పెట్టాలో, విడిదింట్లో ఎవరి పక్కన ఎవర్ని దింపకూడదో తేల్చుకోవడం, ఇదంతా సంక్రాంతి పనుల సందుల్లో జరుగుతుంది. ముహూర్తం లేని నెల పెళ్ళి లేని నెల కాదన్నమాట.

ఇప్పుడు అమలాపురంలోనూ రావులపాలెంలోనూ 'ఈవెంట్స్' బోర్డులు కనిపిస్తున్నాయి. కొబ్బరితోటల్లో పెళ్ళికి ముందు ఫొటోలు, దిండి రిసార్టుల్లో గోదావరి ఒడ్డున పెళ్ళి, పూలపందిరి నుంచి పానకం దాకా ఒకే చేతి మీద. పెళ్ళి ఏర్పాట్లు చూసిపెట్టడం అనే వృత్తి నగరాల నుంచి దిగుమతి అయిందని మనం అనుకుంటున్నాం. కానీ వృత్తి అనే పేరూ, ఫీజూ, బోర్డూ తీసేసి చూస్తే ఈ పనికి చాలా పొడవైన చరిత్ర ఉంది. దాన్ని రాసుకోవలసిన అవసరం మనకుంది.

మన భాషనే చూడండి. సంబంధం కుదిర్చే మగవాడికి పెళ్ళిళ్ళ పేరయ్య అని ఒక పేరుంది. వేదిక ముందు నిలబడి పదిమందికీ సమాధానం చెప్పేవాడు పెళ్ళిపెద్ద. మొత్తం పెళ్ళిని నెలల ముందు నుంచీ తలలో పెట్టుకుని నడిపే స్త్రీకి మాత్రం ఆ పనిని బట్టి వచ్చిన పేరు లేదు. ఆమె ముత్తైదువ, పేరంటాలు, ఆడపడుచు, మేనత్త. అన్నీ మగవాడితో ఉన్న సంబంధాన్ని చెప్పేవే. కాగితం మీదకొస్తే చదివింపుల పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో, ఏ బిందె ఎవరిచ్చారో తరాల తరబడి దాచుకుంటాం. వారం రోజులు పొయ్యి దగ్గర నిలబడ్డ పిన్ని ఏం 'చదివించిందో' ఆ పుస్తకంలో పడదు. సంస్కరణ లెక్కలూ ఇంతే. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తయారు చేయిస్తే 1034 తేలాయని గురజాడ కన్యాశుల్కం ముందుమాటలో రాశాడు. పిల్లల వయసులూ, పుచ్చుకున్న సొమ్మూ లెక్కకొచ్చాయి. రావలసినవే, అందులో సందేహం లేదు. ఆ వెయ్యి పెళ్ళిళ్ళనీ ఎవరి రెక్కలు మోశాయన్నది మాత్రం సంస్కర్తలకి ప్రశ్నే కాలేదు.

ఆ రోజుల్లో అగ్రకులాల పెళ్ళి ఐదు రోజులు. కుమ్మరి ఇంటి నుంచి కుండలు, మేదరి ఇంటి నుంచి బుట్టలు, తట్టలు, చాకలి ఇంటి నుంచి చలవ బట్టలు, ఆ కులాల స్త్రీల పనితో కలిపే వచ్చేవి. ప్రతిఫలం కొలిచిన ధాన్యం, పంక్తి లేచాక మిగిలిన భోజనం. బ్రాహ్మణ ఇళ్ళల్లో మడివంటకి ఇంకొక మనిషి ఉండేది, ఆ ఇంటి వితంతువు. ఏ పెళ్ళికైనా ఆమె వంట కావాలి, ఆమె ఎదురు రాకూడదు. తలంబ్రాల బియ్యం ఏరడానికి పనికొచ్చిన చేతులు ఆ బియ్యం పోసే వేళకి దొడ్లోకి తప్పుకోవాలి. మన సాహిత్యం వితంతువు దుఃఖం గురించి చాలా చెప్పింది. ఆమె శ్రమ గురించి చెప్పింది తక్కువ. దుఃఖం మీద జాలి పడొచ్చు, శ్రమకైతే బాకీ పడాలి.

ఈ కోణం నుంచి చూస్తే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన పెళ్ళి మరోలా కనిపిస్తుంది. ధనుర్మాసం పట్టడానికి కొద్ది రోజుల ముందు, వీరేశలింగం ఇంట్లో మొదటి వితంతు వివాహం. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరు రెండుగా చీలింది. విద్యార్థులు కాపలా కాశారు, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చాడు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. బహిష్కారం మొదట తగిలింది ఎక్కడో గమనించాలి. తగిలింది వంటింటికి. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మి తానే గోదావరికెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, తానే వండింది. ఆమెకప్పటికి ముప్పై ఏళ్ళు. 'భర్త ఆశయానికి చేదోడుగా నిలిచిన ఇల్లాలు' అనే వాక్యం కింద చరిత్ర ఆమెని సర్దేసింది. కానీ ఆలోచించండి. శాస్త్రచర్చలో ఓడితే మళ్ళీ వాదించొచ్చు, సభ ఆగిపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. ముహూర్తం రోజున వంట లేకపోతే పెళ్ళి లేదు. ఊరి పెద్దలకి ఈ సంగతి బాగా తెలుసు, అందుకే నీళ్ళ బిందె మీద దెబ్బ కొట్టారు. రాజ్యలక్ష్మి దాన్ని ఎత్తుకుంది. ఎప్పుడూ పెళ్ళికి వండిపెట్టే వితంతువు తానే పెళ్ళికూతురైతే ఆమెకెవరు వండుతారన్నది ఆ రోజు అసలు ప్రశ్న, జవాబు ఆమె. కొద్ది రోజుల్లోనే రెండో పెళ్ళి. వీరేశలింగం జీవితకాలంలో చేయించిన వితంతు వివాహాలు దాదాపు నలభై అంటారు. ఆ 'చేయించిన' అనే క్రియకి కర్త ఒక్కడేనా?

కోనసీమలోకే వస్తే, ఆతిథ్యం అనగానే డొక్కా సీతమ్మ పేరు చెబుతాం. మండపేటలో 1841లో పుట్టి, వైనతేయ పాయ ఒడ్డున లంకల గన్నవరంలో కాపురం చేసి, 1909లో చనిపోయిన స్త్రీ. ఆనకట్ట వచ్చి కాలవలు పారి దాళ్వా సార్వాలు పండుతున్న కాలం, రేవు దాటేవాళ్ళంతా ఆగే ఊరు. ఆమె గురించి అందరూ చెప్పుకునే కథలో ఒక పెళ్ళివారున్నారు. అంతర్వేది నరసింహస్వామి కల్యాణం చూడాలని ఆమె ఎన్నాళ్ళకో బయల్దేరిందట. దారిలో పల్లకీ దింపితే, ఆకలికేడుస్తున్న పిల్లల్ని, గన్నవరం వెళ్తే సీతమ్మగారు అన్నం పెడుతుందని ఊరడిస్తున్న పెళ్ళిబృందం మాటలు చెవిన పడ్డాయట. ఆవిడ అంతర్వేది మానుకుని వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టిందట. ఈ కథని త్యాగానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఎప్పుడూ గుచ్చుకునేది, జీవితంలో ఒక్కసారి సెలవు తీసుకోబోయిన స్త్రీని ఆమె పేరే వెనక్కి లాగడం. మాఘశుద్ధ దశమి కల్యాణానికి ఊళ్ళకి ఊళ్ళు కదిలే రోజుల్లో ఆమె ఒక్కతే ఇంటికి వచ్చింది! అపర అన్నపూర్ణ అంటాం. అన్నపూర్ణకి బియ్యం బస్తాల లెక్క అక్కర్లేదు, కట్టెలు తడిశాయేమోనన్న బెంగ ఉండదు. సీతమ్మకి ఉండే ఉంటుంది. ఆమెని దేవతని చెయ్యడంలో మనం కొట్టేసింది ఆమె నిర్వహణ సామర్థ్యాన్ని. గన్నవరం అక్విడెక్టుకి ఆమె పేరు పెట్టుకున్నాం, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టింది. ఆ పథకంలో వండుతున్న స్త్రీలకిచ్చే దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.

శ్రమని గుర్తించమని అడుగుతున్నాం సరే, ఆ శ్రమ దేనికి వాడబడిందని కూడా అడగాలి. ఇక్కడ యానాం ప్రస్తావన తప్పదు. హరబిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18. ఆమోదానికీ అమలుకీ మధ్య ఆరు నెలలు. దేశమంతా ఆ ఆరు నెలల్లో హడావిడిగా పసిపిల్లల పెళ్ళిళ్ళు చేసేసింది. 1921లో దాదాపు 85 లక్షలున్న పదిహేనేళ్ళ లోపు భార్యలు 1931 జనాభా లెక్కల నాటికి కోటీ ఇరవై లక్షలు దాటారు. చట్టం వచ్చాక గోదావరి వాళ్ళకి ఒక దారి దొరికింది. గౌతమి అవతల యానాం ఫ్రెంచివాళ్ళది, బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తెలుగు కుటుంబాలు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి పెళ్ళి చేసి తెచ్చుకునేవి. యానాంకి కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది. ఇప్పుడు 'డెస్టినేషన్ వెడ్డింగ్' అంటున్నామే, మన ప్రాంతంలో దానికి మొదటి ఊరు ఇదే అనుకోవచ్చు. ఎంత అందమైన పేరు, ఎంత చేదు చరిత్ర!

ఎదుర్లంక నుంచి యానాం వంతెన 2002లో వచ్చింది. అప్పట్లో పడవే. పరాయి ఊళ్ళో పెళ్ళంటే ఏమిటో చేసినవాళ్ళకి తెలుసు. గుండిగలు, పీటలు, పసుపు కుంకుమలు, బుట్ట, అటుకుల మూట, అన్నీ లెక్కపెట్టి పడవెక్కించాలి, ఒక్కటి మర్చిపోయినా వెనక్కి రాలేరు. ఆ లెక్క ఆడవాళ్ళది. వాటితోపాటు నిద్రపోతున్న పెళ్ళికూతుర్ని కూడా చంకనెత్తుకుని పడవెక్కించాలి. ఆ చంక ఏ అమ్మమ్మదో, మేనత్తదో. తాము అలాగే పెళ్ళయి వచ్చినవాళ్ళే ఆ పనిలో తమ నైపుణ్యమంతా ధారపోశారు. వాళ్ళని బాధితులని మాత్రమే అనడానికి నాకు మనసొప్పదు, నేరస్తులని అంతకన్నా ఒప్పదు. పితృస్వామ్యం పెద్ద పనులేవీ స్త్రీల నిర్వహణ లేకుండా జరగలేదు, నిర్ణయం మాత్రం వాళ్ళ చేతికి రాలేదు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. కల్యాణపురం అనే పేరు మాత్రం చెప్పుకోవడానికి మిగిలింది.

తర్వాతి మార్పుని త్వరగా చెప్పుకోవచ్చు. ఐదు రోజుల పెళ్ళి ఒక్క రోజైంది, వాకిట్లో కొబ్బరాకు పందిరి కల్యాణమంటపానికి తరలింది, వంట కేటరింగయింది. కూలి వచ్చిన పనులన్నీ మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. పెద్ద వంటవాడు మగవాడే, అతని దగ్గర కూరలు తరిగేదీ అంట్లు తోమేదీ ఆడవాళ్ళు, తక్కువ కూలికి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద, కింద మంట ఎగుస్తుండగా, పలచటి పిండిలో ముంచిన గుడ్డని రెప్పపాటులో పరిచి తీసే ఆ విద్య ఆ ఊరి స్త్రీలది. సంక్రాంతికీ మాఘం పెళ్ళిళ్ళకీ ఆర్డర్లన్నీ ఒక్కసారే మీద పడతాయి. డబ్బా మీద ఉండేది దుకాణం పేరు.

ఇంకొకరున్నారు. రాజోలు, అమలాపురం పల్లెల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన తల్లులు. కూతురి పెళ్ళికి కట్నం డబ్బు అక్కడి నుంచే రావాలి. పరాయి వంటింట్లో చాకిరీ చేస్తూ, రాత్రి ఫోన్లో బంగారం కొలతలూ, వంటల పేర్లూ, చీరల రంగులూ తేల్చే తల్లి కంటే పెద్ద 'ప్లానర్' ఎవరు? సెలవు దొరక్క పెళ్ళిని వీడియోలో చూసుకున్న తల్లులూ వాళ్ళలో ఉన్నారు.

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిందని పత్రికలు, టీవీలు మురిసిపోయాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట ఇలాంటి వార్త. అల్లుడి మొహం కనిపిస్తుంది, ఆకు కనిపిస్తుంది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పనిచేస్తున్నారు. 2024లో అది 289, 88 అయింది. ఈ అంకెలు సగటు రోజువి. అల్లుడొచ్చిన రోజుది ఎవరైనా కొలిస్తే బావుణ్ణు.

నాకు తెలిసిన ఒకామె కోనసీమలో ఈ 'ఈవెంట్స్' పని చేస్తోంది. చదువుకున్న మనిషి, తన కాళ్ళ మీద తాను నిలబడాలని మొదలుపెట్టింది. మాఘానికి అడ్వాన్సులు తీసుకోవడం, కడియపులంక పూలవాళ్ళతో బేరాలు, లైటింగు వాళ్ళకి డేట్లు, అన్నీ డిసెంబరు జనవరుల్లోనే. సరిగ్గా అప్పుడే ఇంట్లో పండగ. ఇద్దరు ఆడపడుచులు, పిల్లలతో సహా. ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళు నడపడానికి టైముంటుంది గానీ ఇంటి అల్లుళ్ళకి రెండు గారెలు వెయ్యడానికి ఉండదనే మాట ఆమెకి ప్రతి సంక్రాంతికీ అలవాటే. అందుకని ఆమె తెల్లవారుజాము నాలుగింటికి లేచి గారెలూ వేస్తుంది, పది నుంచి ఫోనూ పట్టుకుంటుంది. సొంత సంపాదన ఆమెకి నలుగురిలో మాట విలువనిచ్చింది, దాన్ని నేను తక్కువ చెయ్యను. పండగ పూట ఆ విలువ వంటింటి గుమ్మం దాకానే.

ఆమె పార్టీలకిచ్చే ప్యాకేజీ కాగితం చూశాను. మండపం, పూలు, సన్నాయి, వీడియో, భోజనాలు, ఒక్కోదానికి ఒక్కో ధర. చివర 'ఇంటివారు చూసుకోవలసినవి' అని ఒక పేరా ఉంది. దానికి ధర గడి లేదు. పసుపు దంచడం, పిలుపులు, చీరలు, సారె సర్దడం, విడిదిలో ముసలివాళ్ళ మందులు, పాలు తాగే పిల్లలు, అలిగినవాళ్ళు. మరి మీ ఇంట్లో ఇవన్నీ ఎవరు చూస్తారని అడిగాను. మొన్నటిదాకా అత్తగారట. ఆవిడ మోకాళ్ళు సహకరించక ఈ రెండేళ్ళుగా పక్క పేట నుంచి ఒక మనిషి వస్తోంది. పండగ నెలలో ఈ ఇంట్లో పిండివంటలు, మాఘం వచ్చాక ఈమె నడిపే పెళ్ళిళ్ళల్లోనే గిన్నెలు. ఆ మనిషి చెల్లెలు కువైట్‌లో ఉంది. చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది, వచ్చే ముహూర్తాల్లోనే. ఆ పెళ్ళి పనులన్నీ ఈ పెద్దమ్మ మీదే ఉన్నాయి. ఎప్పుడు చేసుకుంటున్నావని అడిగితే, రాత్రిళ్ళు అంది.