ఇరవై వేల మంది పిల్లలు, ముప్పావు పైంటు పాలు

రొనాల్డ్ ఫిషర్ రాసిన ‘స్టాటిస్టికల్ మెథడ్స్ ఫర్ రీసెర్చ్ వర్కర్స్’ 1925లో వెలువడింది. ఆ పుస్తకానికి నూరేళ్లు నిండాయి. మన ఎం.ఎడ్. విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో ‘0.05 స్థాయి వద్ద సార్థకం’ అని రాసినా, మనస్తత్వశాస్త్ర పరిశోధకుడు శూన్య పరికల్పనను, అంటే తేడా ఏమీ లేదన్న ఊహను, తిరస్కరించినా, ఆ అలవాటు చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. అసలు తేడా ఏమీ లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశం ఇరవైలో ఒకటికి మించకపోతే దాన్ని పట్టించుకోవచ్చని ఫిషర్ వీలు కోసం ఒక హద్దు గీశాడు. ఆ హద్దు అందరికీ గుర్తుండిపోయింది. ప్రయోగంలో ఎవరు ఏ జట్టులో ఉండాలో చీటీ తీసి తేల్చడం మాత్రం అంతగా గుర్తు లేదు. ఆ పని జరిగినప్పుడే 0.05కు విలువ. ఈ చరిత్రకు ప్రాణం ఆ చీటీలోనే ఉందని నా నమ్మకం.

ఫిషర్‌కు ముందు కథ ఉంది కానీ, మజిలీలు దూరదూరంగా ఉన్నాయి. 1710లో జాన్ అర్బత్‌నాట్ అనే వైద్యుడు లండన్ చర్చిల్లో జ్ఞానస్నానాల పద్దులు తిరగేశాడు. వరుసగా 82 ఏళ్లు, ఏటా మగపిల్లలే ఎక్కువ. బొమ్మా బొరుసూ పడినట్టు జరిగితే ఇలా రావడం దాదాపు అసాధ్యమని లెక్క వేసి, ఇది దైవసంకల్పమని తేల్చాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఈ గణితం ఎక్కువగా ఖగోళ శాస్త్రజ్ఞుల చేతుల్లోనే నడిచింది. తర్వాత మనసును కొలిచేవాళ్లు కూడా దాన్ని అందుకున్నారు. 1880లలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ పియర్స్, ఆయన విద్యార్థి జోసెఫ్ జాస్ట్రో కలిసి, బరువులో అతి చిన్న తేడాను మనిషి పసిగట్టగలడా అని పరీక్షించారు. ఎప్పుడు బరువు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో తమ ఇష్టానికి వదిలేయలేదు. పేకముక్కలు కలిపి, పడిన ముక్కను బట్టి నడుచుకున్నారు. మనస్తత్వ పరిశోధనలో అంత శ్రద్ధగా చీటీ తీసినవాళ్లు అంతకుముందు నాకెవరూ కనబడలేదు.

ఇక నాకు అత్యంత ఇష్టమైన మనిషి విలియం గాసెట్. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. చిన్న నమూనాలతో నమ్మదగిన నిర్ణయానికి ఎలా రావాలన్నది ఆయన ఉద్యోగంలో ఎదురైన చిక్కు. 1908లో దానికి పరిష్కారం ప్రచురించాడు. కంపెనీ నిబంధనల వల్ల సొంత పేరు పెట్టుకోకుండా ‘స్టూడెంట్’ అని సంతకం చేశాడు. మన విద్యార్థులు వేసే టి-టెస్ట్ ఆయనదే.

1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాల సీమ అది. బడిలో రోజూ పాలు ఇస్తే పిల్లల ఎదుగుదల మెరుగవుతుందా అన్నది ప్రశ్న. 67 బడుల నుంచి 20,000 మంది పిల్లలను తీసుకున్నారు. 5,000 మందికి పచ్చి పాలు, 5,000 మందికి పాశ్చరైజ్ చేసిన పాలు, మనిషికి రోజుకు ముప్పావు పైంటు, అంటే సుమారు 425 మిల్లీలీటర్లు. మిగతా 10,000 మందికి పాలు లేవు, వాళ్లు పోలిక కోసం. ఫిబ్రవరిలో ఒకసారి, జూన్‌లో మరోసారి ఎత్తు, బరువు చూశారు. అంతమంది బడిపిల్లలతో ఇంత ఏర్పాటు చేయడం సామాన్యమైన పని కాదు. పాలు తాగినవాళ్లు ఎక్కువ ఎదిగారని నివేదిక వచ్చింది.

1931లో ‘బయోమెట్రికా’ పత్రికలో గాసెట్ ఈ ప్రయోగం మీద వ్యాసం రాశాడు. ఆయన వేలు పెట్టి చూపింది కూడికల్లో తప్పును కాదు, పిల్లలను విడదీసిన తీరును. కొన్ని బడుల్లో చీటీలు తీశారు, కొన్నిచోట్ల పేర్ల అక్షరక్రమం పాటించారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక జట్టులో బాగా తిని పెరిగినవాళ్లో, బక్కచిక్కినవాళ్లో మరీ ఎక్కువైనట్టు కనిపిస్తే పిల్లలను అటూ ఇటూ మార్చుకోవచ్చని టీచర్లకు వెసులుబాటు ఇచ్చారు. ఎదురుగా ఆకలితో ఉన్న పిల్లవాడు, చేతిలో పాల జాబితా. ఆ టీచరు ఏం చేస్తుంది? తెలియకుండానే పేదపిల్లల పేర్లు పాల వైపు జరిగాయని గాసెట్ ఊహించాడు. కొలతలు చూస్తే అలాగే ఉంది. ప్రయోగం మొదలయ్యేనాటికే పాలు లేని జట్టు బరువులో దాదాపు మూడు నెలల ఎదుగుదలంత, ఎత్తులో నాలుగు నెలలంత ముందుంది.

బట్టల సంగతి కూడా ఆయన వదల్లేదు. పిల్లలను బట్టలతోనే తూచారు. ఫిబ్రవరి చలిలో ఉన్నింటి పిల్లలు మందపాటి ఉన్ని బట్టలతో కాటా ఎక్కారు, జూన్‌లో పలుచటివి వేసుకున్నారు. లేనింటి పిల్లలకు రెండు కాలాలకూ ఇంచుమించు అవే బట్టలు. అందుకే పాలు లేని జట్టు పెరిగిన బరువులో కొంత బట్టలతోపాటు పోయింది, పాల మహిమ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడింది. పైగా ఏ ఒక్క బడిలోనూ రెండు రకాల పాలూ ఇవ్వలేదు కనుక, పచ్చి పాలు మేలా పాశ్చరైజ్ చేసినవి మేలా అన్నది ఈ అంకెలు చెప్పలేవన్నాడు. ఫిషరంతటివాడు ఇంకో శాస్త్రజ్ఞుడితో కలిసి అవే అంకెలతో ఆ పోలిక చేసిన ఏడాదే ఈ మాట అన్నాడు. ఇరవై వేల మంది అక్కర్లేదు, ఒకే పోలికతో పుట్టిన 50 జతల కవలలు చాలు, ప్రతి జతలో ఎవరికి పాలో నాణెం ఎగరేసి తేల్చండి అని సలహా ఇచ్చాడు. ఆ టీచర్ల దయను ఆయన ఎక్కడా నిందించలేదు. అందుకే ఆ వ్యాసమంటే నాకు గౌరవం.

ఆ తర్వాత దారి చీలిపోయింది. 1933లో నేమన్, ఈగన్ పియర్సన్ అనే గణాంకవేత్తలు రెండు రకాల పొరపాట్లను విడదీశారు: లేనిదాన్ని ఉందనుకోవడం, ఉన్నదాన్ని లేదనుకోవడం. ఫిషర్ వాళ్లతో చివరిదాకా తగాదా పడ్డాడు. మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఈ రెండు దారులనూ కలిపి ఒకే పద్ధతిగా నేర్పాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర పరిశోధన చేసి, 1948లో స్కోర్ టెస్ట్‌ను అందించారు. అది నేటికీ వాడుకలో ఉంది. 1994లో మనస్తత్వవేత్త జేకబ్ కోహెన్ 0.05 మీద మోజును గట్టిగా విమర్శించాడు, అయినా అలవాటు పోలేదు. 2011లో డారిల్ బెమ్ అనే మనస్తత్వవేత్త, రాబోయేది మనిషి ముందే పసిగట్టగలడని తొమ్మిది ప్రయోగాలతో ప్రకటించాడు. అంకెలు హద్దు దాటాయి, పేరున్న పత్రిక అచ్చువేసింది. 2015లో వంద మనస్తత్వ పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతం సార్థకమని తేలినవి ఈసారి 36 శాతానికి దిగాయి. అదే ఏడాది ఒక సామాజిక మనస్తత్వశాస్త్ర పత్రిక ఈ పరీక్షలనే నిషేధించింది. ఇన్ని రభసల మధ్య ఒక వరుస చెప్పడం కష్టం.

నాకు ధైర్యమిచ్చే పని మన పల్లె బడుల్లోనే జరిగింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణ, రాయలసీమ, కోస్తాల్లోని 5 జిల్లాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక అధ్యయనం మొదలుపెట్టారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇస్తే చదువు బాగుపడుతుందా అన్నది పరికల్పన. 100 బడుల్లో టీచరు టీచరుకు, 100 బడుల్లో బడి మొత్తానికి బోనస్, 100 బడులు పోలిక కోసం. ఏ బడి ఎందులోకో లాటరీ తేల్చింది, పేర్లు మార్చుకునే వీలు ఎవరికీ లేదు. రెండేళ్లయ్యాక బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. బోనస్ ఉన్న సబ్జెక్టులే రుద్ది మిగతావి వదిలేస్తారన్న భయాన్నీ అక్కడే పరీక్షించారు. బోనస్ లెక్కలోకి రాని సైన్సులో, సోషల్‌లో కూడా ఆ పిల్లలే మెరుగ్గా రాశారు.