తిన్న నెయ్యి ఒంటబట్టుట



“ఎంత నెయ్యి పోసినను వీనికి ఒంటబట్టదు” అని మన ఓరుగంటి పల్లెలలో పెద్దలు అనుచుండగా నేను చిన్ననాట వింటిని. తినుట వేరు, ఒంటబట్టుట వేరు. దీని మర్మ మెరుగుటకు లోకమునకు బహుకాలము పట్టినది.

1622లో ఇటలీ వైద్యుడు గాస్పరో అసెల్లి, మేత తిన్న యొక కుక్క కడుపును కోసి చూడగా, ప్రేవులనుండి వెడలు సన్నని తెల్లని నాళములు కానవచ్చెను. వానిలో రక్తము లేదు, పాలవంటి రసముండెను. ఆ తెలుపు క్రొవ్వువలన గలిగినదే. ఆ నాళములు కాలేయమునకు పోవునని ఆయన తలచెను. అది పొరపాటని 1651లో ఫ్రెంచి వైద్యుడు పెక్కె చూపెను. అవి యొక పెద్ద నాళముగా కూడి, మెడ మొదట సిరలో కలియును.

నూనె నీటితో కలియదని గానుగవానికి చెప్పనక్కరలేదు. మరి కడుపులో నెట్లు కలియును? కాలేయమునుండి వచ్చు పైత్యరసము క్రొవ్వును సన్నని బిందువులుగా చేయును. క్లోమరసము వానిని విడగొట్టును. ఈ రసముయొక్క పనిని ఫ్రాన్సు దేశమున క్లాడ్ బెర్నార్డు 1840 తరువాతి యేండ్లలో కుందేళ్లయందు కనిపెట్టెను. విడివడిన భాగములను చిన్నప్రేవు లోపలి సన్నని మొలకలు పీల్చుకొని, మరల క్రొవ్వుగా కూర్చి, అసెల్లి చూచిన నాళములలోనికి విడుచును.

ఆ మొలకలు చెడినచో? భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి యింట ఈ ప్రశ్న ప్రాణములు తీసినది. స్ప్రూ అను గ్రహణివ్యాధిచే ఆయన సోదరు లిరువురు మరణించిరి. ఈ వ్యాధిలో తిన్నది ఒంటబట్టదు; విరేచనము జిడ్డుగా పోవును; మనిషి శుష్కించును. ఆయనకును అది సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనెను. పిదప అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలయందు ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. అది స్ప్రూ రోగుల రక్తహీనతను పోగొట్టి బలమిచ్చెను. నేడు వైద్యులు దానితోపాటు సూక్ష్మజీవులను చంపు మందును గూడ నిత్తురు. సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే కీర్తిశేషులైరి.

కావున, మీ యింట నెవరైనను వారములతరబడి జిడ్డు విరేచనములతో చిక్కిపోవుచున్నచో, మరి రెండు గరిటెల నెయ్యి వడ్డించి ఊరకుండవలదు. వైద్యునకు చూపుడు. లోపము విస్తరిలో గాక ప్రేవులో నుండవచ్చును.