పాటకు పెట్టిన పట్టెడన్నం



పొద్దున్న కాఫీ నీళ్ళు పడేసే వేళకి ఏదో ఒక పాట మన వంటింట్లోకి వచ్చేస్తుంది. ఒకప్పుడు రేడియోలోంచి వచ్చేది, ఇప్పుడు సెల్‌ఫోనులోంచి వస్తోంది. మా ఆటోనగర్‌లో అయితే వెల్డింగు చప్పుడుకీ, లేతు మిషను రొదకీ మధ్యన లారీ బాడీలు కట్టే షెడ్డులోంచి కూడా సుశీలగారో, బాలుగారో వినిపిస్తూనే ఉంటారు. పాట విని 'ఆహా' అనుకుంటాం. ఆ గొంతుకు వచ్చిన బిరుదులు, బహుమతులు కూడా మనకు తెలుసు. పేరు రాకముందు ఆ మనిషి ఎక్కడ పడుకున్నాడు, ఎవరింట్లో తిన్నాడు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఇవాళ ఆ సంగతులే చెప్పుకుందాం. ఎందుకంటే ఆ కథల్లో మనలాంటి ఇల్లాళ్ళ పాత్ర చాలా ఉంది.

ముందు పరాయి దేశం మాట ఒకటి చెబుతాను. ప్రపంచమంతా రాక్ సంగీతానికి రాజు అని పిలుచుకున్న ఎల్విస్ ప్రెస్లీ అమెరికాలో పేదింటి పిల్లవాడు. 11వ పుట్టినరోజుకు తల్లి గిటారు కొనిచ్చింది. 1953లో, 18 ఏళ్ళప్పుడు, మెంఫిస్ నగరంలో ఒక చిన్న స్టూడియోకు వెళ్ళి, 4 డాలర్ల లోపు సొమ్ము తానే చెల్లించి తన గొంతు రికార్డు చేయించుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఒక ఎలక్ట్రికల్ కంపెనీ లారీ నడిపాడు. అంటే మన వీధిలో చేతులకు గ్రీజు పూసుకుని తిరిగే కుర్రాళ్ళలాంటివాడే! ఇంగ్లండులో బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళ జట్టులో డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిసుగా పనిచేసినవాడు. జాన్ లెనన్‌ను పెంచింది పెద్దమ్మ, తొలి పాఠంగా బాంజో వాయించడం నేర్పింది కన్నతల్లి. రింగో వచ్చి చేరకముందే, 1960లో ఆ జట్టు జర్మనీలోని హాంబర్గు క్లబ్బుల్లో రాత్రికి నాలుగైదు గంటలు పాడి, వాయించి గట్టిపడింది.

సరే, అంత దూరం ఎందుకు? మన విశాఖపట్నానికి కూతవేటు దూరంలో విజయనగరం ఉంది కదా. అక్కడ 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఆయన తర్వాత ఫిడేలు నాయుడుగారు, అదేనండీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, ఆ పదవిలో కూర్చున్నారు. ఆ కళాశాలను వెతుక్కుంటూ కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.

1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి సూరయ్యగారు పాడుతుంటే చిన్నపిల్లవాడు గంతులేసేవాడట. ఆ తండ్రి కొడుకు చిన్నతనంలోనే పోతూ పోతూ 'నువ్వు సంగీతం నేర్చుకోవాలిరా' అని కోరుకున్నాడు. సంగీతం కోసం కుర్రాడు ఎవరెవరి ఇళ్ళలోనో పని కూడా చేశాడు. చివరకు వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం రైలెక్కాడు. తీరా వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు! ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు, చేతిలో డబ్బు లేదు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ పిల్లవాణ్ణి చేరదీసి డబ్బు ఆశించకుండా పాఠం చెప్పారు. గురువుగారు కూడా కలిగినవారు కారు. అందుకని భోజనానికి జోలె పట్టి మధుకరం ఎత్తుకోవలసి వచ్చింది.

మధుకరం అంటే మన అమ్మమ్మల తరానికి చెప్పనక్కర్లేదు. చదువుకునే పిల్లవాడు ఇంటింటి ముందు నిలబడితే ఆ ఇల్లాలు ఇంత అన్నం వేస్తుంది. నాలుగిళ్ళ అన్నమూ కలిపి వాడు తింటాడు. ఆలోచించండి! ఆ గుమ్మాల దగ్గర అన్నం వేసిన తల్లులకు ఈ కుర్రాడు రేపు ఎవరవుతాడో తెలుసా? తెలియదు. 'చదువుకునే పిల్లాడు, ఆకలితో ఉన్నాడు' అని మాత్రం తెలుసు. ఒక గరిటె ఎక్కువే వేసి ఉంటారు.

కళాశాల చదువు ముగిసినా కష్టాలు ముగియలేదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. 1944లో సావిత్రమ్మగారితో పెళ్ళయింది. సముద్రాల రాఘవాచార్యగారి ప్రోత్సాహంతో మద్రాసు చేరి, పగలంతా అవకాశాల కోసం తిరిగి, రాత్రుళ్ళు పానగల్ పార్కులో తలవాల్చిన రోజులున్నాయి. రేడియోలో పాడుతూ, బృందగానాల్లో గొంతు కలుపుతూ నిలదొక్కుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసేనాటికి తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళికీ, పూజకీ, దుఃఖానికీ కూడా ఆయన గొంతే తోడుగా ఉంది.

అదే ఊరు, అదే కళాశాల మనకు పులపాక సుశీలగారినీ ఇచ్చాయి. ఆమె 1935 నవంబరు 13న విజయనగరంలో పుట్టారు. తండ్రి ముకుందరావుగారు ప్లీడరు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడపిల్ల సినిమాకు పాడతానంటే ఇరుగుపొరుగు ఏమనేవారో మీకు వేరే చెప్పాలా? అయినా ఆ ఇంట్లో పిల్లకు సంగీతం చెప్పించారు, మద్రాసు పంపించారు. రేడియోలో విన్న గొంతును పెండ్యాల నాగేశ్వరరావుగారు పట్టుకుని 'కన్నతల్లి' (1953) సినిమాలో పాడించారు. తర్వాత ఏవీఎం వారు నెలజీతానికి పెట్టుకుని, తమిళం నేర్పడానికి ఒక పంతుల్ని కూడా కుదిర్చారు. అలా అక్షరం అక్షరం దిద్దుకున్న తమిళంతోనే జాతీయ ఉత్తమ గాయని బహుమతి అందుకున్నారు. దేశంలో ఆ బహుమతి మొట్టమొదట వచ్చింది ఆమెకే, 1968 సంవత్సరానికి.

జానకిగారి దారి వేరు. గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938లో పుట్టిన ఈ అమ్మాయి కళాశాల గడప తొక్కలేదు. చిన్నతనంలో పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడి దగ్గర కొంతకాలం నేర్చుకుంది, అంతే. 1956లో ఆకాశవాణి లలిత సంగీత పోటీలో రెండో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాదే సినిమాల్లో అడుగుపెట్టి తమిళం, తెలుగు మాత్రమే కాక మరికొన్ని భాషల్లోనూ పాడేశారు. 1962లో ఒక తమిళ చిత్రంలో కారుకురిచ్చి అరుణాచలంగారి నాదస్వరానికి దీటుగా పాడి అందర్నీ ఆశ్చర్యపరిచారు. చిన్నప్పుడు చెవిలో పడిన నాదం ఎక్కడికి పోతుంది చెప్పండి? 1959లో పెళ్ళయ్యాక భర్త రాంప్రసాద్‌గారు రికార్డింగులకు వెంట ఉండి చూసుకునేవారు. ఆడది ఉద్యోగానికి వెళితే మగవాడు తోడు నిలవడం ఈ కాలంలోనే గొప్పగా చెప్పుకుంటున్నామే, అది ఆనాటి మాట!

ఇక కుర్రకారు పాటలకు పేరుపడ్డ ఎల్.ఆర్.ఈశ్వరిగారు. పాప్ పాట అని ఇప్పుడు అంటున్నామే, ఆ హుషారును తెలుగు సినిమాకు దండిగా తెచ్చినవారిలో ఆమె ముందుంటారు. మన విశాఖ సముద్రతీరంలో తీసిన 'మరో చరిత్ర' (1978)లో బాలుగారితో కలిసి పాడిన పాట మీకు గుర్తుండే ఉంటుంది. ఆమెది మద్రాసు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి స్టూడియోల్లో కోరస్ పాడి పిల్లల్ని పెంచింది. తల్లి పక్కన నిలబడి కోరస్ పాడుతూనే ఈశ్వరి గాయని అయింది. 1961లో 'పాశమలర్' పాటతో పేరు వచ్చింది.

బాలసుబ్రహ్మణ్యంగారి తండ్రి హరికథలు చెప్పేవారు. కొడుకు ఇంజినీరు కావాలని మద్రాసు పంపారు. 1964లో ఒక తెలుగు సంస్థ పెట్టిన పాటల పోటీలో ఈ కుర్రాడు మొదటి బహుమతి కొట్టాడు. అక్కడ విన్న ఎస్.పి.కోదండపాణిగారు గుర్తుపెట్టుకుని 1966 డిసెంబరులో తొలి సినిమా పాట పాడించారు. ఆ ఋణం మరచిపోకుండా బాలుగారు తర్వాత తమ రికార్డింగు థియేటరుకు ఆ గురువుగారి పేరే పెట్టుకున్నారు.

ఇవన్నీ తెరుచుకున్న తలుపుల కథలు. మూసుకున్న తలుపు కథ కూడా ఒకటి చెప్పాలి. రావు బాలసరస్వతీదేవిగారు ఆరేళ్ళకే గ్రామఫోను రికార్డు ఇచ్చారు. 1943లో 'భాగ్యలక్ష్మి' సినిమాలో తెరవెనుక నుంచి పాడి తెలుగులో నేపథ్య గానానికి దారి వేశారు. రేడియోలో లలిత సంగీతం అంటే ఆమే. 1944లో కోలంక జమీందారుగారితో వివాహమైంది. తర్వాత కొన్నేళ్ళు పాడినా, భర్తకు ఇష్టం లేక సినిమా పాట మానుకున్నారు. ఆ తేనెలాంటి గొంతు ఇంకో ఇరవై ఏళ్ళు పాడి ఉంటే మనకు ఎన్ని పాటలు మిగిలేవో!

ఆవిడ పేరున్నవారు కాబట్టి ఈ సంగతి మనకు తెలిసింది. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడి, పెళ్ళయ్యాక మళ్ళీ నోరు విప్పనివాళ్ళు మనలోనే ఎంతమంది? మీ వీధిలోనే లెక్కపెట్టి చూడండి.

అందుకని అమ్మా, పాడే పిల్లలందరూ సుశీలలు, బాలులు అవుతారని నేను చెప్పను. టీవీ పోటీల్లో గెలవాలని పసివాళ్ళను పరుగులు పెట్టించమనీ చెప్పను. పిల్ల పాడుకుంటూంటే 'పరీక్షలు దగ్గరపడుతుంటే పాటలేమిటే' అని గదమాయించే ముందు ఒక్క నిమిషం ఆగండి. సంగీతం మాస్టారి జీతం నెలకు ఎంతవుతుందో లెక్కచూడండి. కోడలు కూనిరాగం తీస్తే 'ఇంకోటి పాడమ్మా' అని అడగండి. షెడ్డులో పనిచేసే కుర్రాడికి మంచి గొంతు ఉంటే వినాయక చవితి పందిట్లో మైకు ముందు నిలబెట్టించండి.

ఘంటసాలగారి పేరు గ్రామఫోను రికార్డుల మీద ఉంది. ఆయనకు అన్నం వేసిన విజయనగరం ఇల్లాళ్ళ పేర్లు ఏ రికార్డు మీదా లేవు. అయినా ఆ పాటలో వాళ్ళ వాటా ఉంది.

సెలవు.