ఏది పరిశోధన? ఎవరిని అడగాలి?

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట పేరు వినని స్త్రీవాదులు తక్కువ. 1990ల మొదట్లో అక్షరదీపం తరగతుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు అక్కడ సారా దుకాణం మూయించారు. ఆ సంగతి వాచకంలో పాఠమై ఊరూరికీ వెళ్ళింది. 1992లో జిల్లా ఆడవాళ్ళు సారా పాటలను అడ్డుకున్నారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు.

ఆ రోజుల్లో ఈ పల్లెలకు విలేకరులూ, ఉద్యమకారులూ, పరిశోధకులూ వెళ్ళారు. అన్వేషి బృందం వ్యాసం 1993లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. తాగొచ్చి కొట్టే మొగుడి గురించీ, సారాకి పోయిన కూలి డబ్బుల గురించీ మాట్లాడిన ఆడవాళ్ళు ఈ రాతల్లో ఎవరు? సమాచారం ఇచ్చినవాళ్ళా, చరిత్ర చెప్పినవాళ్ళా?

మనుషుల మీద పరిశోధన అనగానే మనకు మాటలు కాదు, సూదీ మందూ గుర్తొస్తాయి. కానీ సూది ఉన్నచోట కూడా 'ఇది పరిశోధన కాదు' అనగలిగారు. 2009 జూలైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని నివారించే హెచ్‌పివి టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికా సంస్థ పాత్, ఐసిఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. దేశంలో అప్పటికే అనుమతి ఉన్న టీకా కనక ఇది ట్రయల్ కాదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. స్త్రీల సంఘాలు గట్టిగా ప్రశ్నించాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పిల్లల మరణాలకు టీకా కారణంగా కనిపించడం లేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ సంతకాలు అని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక లెక్క చెప్పింది. ట్రయల్‌కి వేరే పేరు పెట్టి తప్పించుకున్నారని కూడా అన్నది.

పరిశోధన అని ఒప్పుకుంటే అడగాలి, దుష్ప్రభావాలు నమోదు చేయాలి, నష్టం జరిగితే బాధ్యత పడాలి. పేరు మారిస్తే ఇవన్నీ జారిపోతాయి. ఆ పిల్లల్ని అడిగిందెవరు?

దూబగుంట ప్రశ్న వేరు. అమెరికా 2017లో సవరించుకున్న నిబంధనలు మౌఖిక చరిత్రని ఈ 'పరిశోధన' నిర్వచనంలోంచి తప్పించాయి. అక్కడ మనిషి ఒక నమూనా కాదు, తన పేరుతో తన కథ చెప్పే మనిషి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ళ పేర్లతోనే అచ్చువేసింది. ఖమ్మం పిల్లల పేర్లు దాచడం వాళ్ళకి రక్షణ. దూబగుంట రోసమ్మ పేరు దాచితే ఆమె చేసిన పనిని ఆమె నుంచి లాక్కోవడమే.

నిర్వచనం బయట ఉన్నంత మాత్రాన మన బాధ్యత తీరదు. ఈ మాట ఎక్కడికి వెళ్తుందో చెప్పామా? వద్దన్నది వదిలేశామా? అచ్చయింది చదివి వినిపించామా? తమ గురించి రాసింది చదువుకోగలిగే స్థితి కోసమే కదా కలిగిరి ఆడవాళ్ళు పలక పట్టింది.