భిస్తీ తిత్తి

నీరు మోసే తోలుసంచిని ఉత్తరాదిని మశక్ అంటారు. తెలుగువారు తిత్తి అంటారు. సంస్కృతంలో దానికి దృతి అని పేరు. ఋగ్వేదంలోని మండూకసూక్తం, మడుగులో ఎండి పడివున్న కప్పను ఎండిన తిత్తితో పోల్చినది. ఇంద్రియాలలో ఏ ఒక్కటి జారినా, తిత్తి కాలి గుండా నీరు కారినట్లు ప్రజ్ఞ కారిపోతుందని మనుస్మృతి రెండవ అధ్యాయం చెప్పుచున్నది. సంచికి కాలేమిటని నేటి పాఠకుడు సందేహించవచ్చును. దానికి సమాధానం పండిత వ్యాఖ్యలలో కన్న తోలుపనివాని వాకిట సులభంగా దొరుకుతుంది.

మశక్ అంటే నిండు మేకతోలు. ముక్కలు చేయక, తొడుగు విప్పినట్లు దానిని ఒలిచి, సున్నపునీట నానవేసి, వెంట్రుకలు రాల్చి, లోపలి కండ గీకివేస్తారు. తరువాత చెక్క కషాయంలో ఊరవేస్తారు. ఉత్తరాదిని ఇందుకు తుమ్మచెక్క ప్రధానం; దక్షిణాదిని తంగేడు చెక్కకు పేరెక్కువ. పదునెక్కిన తోలుకు మేక మెడయే మూతి అవుతుంది. కాళ్ళ తావులను బిగించి కట్టి, భుజాన వేసుకొనే పట్టీని అక్కడే తగిలిస్తారు. నీరు కారితే ముందు కారేది ఆ కట్ల వద్దనే. స్మృతికర్త తిత్తిని మోసినవాడు కాకపోవచ్చును గాని, కారే తిత్తిని మాత్రం తప్పక చూచినవాడే! కుట్టు పడినచోట సూదిపోటు దారంతో నిండిపోవాలి. తోలులోనుండి సన్నగా ఊరే చెమ్మ గాలికి ఆరుతూ లోపలి నీటిని చల్లబరచును. వాడక మాని ఎండబెడితే తోలు బిరుసెక్కి పగులును. వేదకవి పోలిక వట్టి ఊహ కాదు.

నీటిని బయటికి పోనీయని కుట్టు గాలినీ పోనీయదు. పంజాబు కొండనదులలో జనం ఊదిన తోళ్ళపై ఈది దాటేవారు. 1539 జూన్‌లో బీహారులోని చౌసా వద్ద షేర్‌ఖాన్ సేన తెల్లవారుజామున మీదపడగా, గంగలో మునుగబోయిన హుమాయూన్ చక్రవర్తిని నిజాం అనే భిస్తీ ఊదిన మశక్‌తోనే ఒడ్డు చేర్చినాడు. రాజు మాట నిలుపుకొని అతనిని సింహాసనంపై కూర్చుండబెట్టినాడు. చక్రవర్తికి నీళ్ళచెంబు అందించే కొలువువాడైన జౌహర్ రెండు గంటలని వ్రాసినాడు. సోదరి గుల్బదన్ బేగం రెండు దినాలన్నది. శత్రువు దాపున ఉండగా ఈ వేడుక తగదని తమ్ముడు కామ్రాన్ కబురంపినట్లు కూడా ఆమెయే చెప్పినది.

నిజాం తన మశక్‌ను కోసి తోలునాణేలు చలామణి చేసినాడని జనశ్రుతి. అల్పకాలపు అధికారంతో ఇష్టారాజ్యం చేయడాన్ని హిందీలో నేటికీ 'చామ్ కే దామ్ చలానా' అంటారు. ప్రాణం నిలిపినవానికి భాష ఇచ్చిన బహుమానం ఒక ఎత్తిపొడుపు! అదైనా అతనికి దక్కినది. ఆ రోజు సామ్రాజ్యభారం మోసిన కుట్టు ఎవరిదో జౌహర్ వ్రాయలేదు, గుల్బదన్ వ్రాయలేదు. ఊదినవానికి సింహాసనం, కుట్టినవాని ఇల్లు ఊరికి వెలుపల. చౌసాకు ఎగువన, అదే గంగ ఒడ్డున ఉన్న కాశీలో తోలుపనివారి ఇంట పుట్టిన రైదాసు మాత్రం తన కులనామాన్ని పదాలలో దాచక చెప్పుకొన్నాడు.

కుళాయిలు వచ్చి భిస్తీ వృత్తిని మాపినవి. అయినా కలకత్తా పాతవీధులలో కొద్దిమంది భిస్తీలు ఇరవై ఒకటవ శతాబ్దంలో కూడా మేకతోలు మశక్‌లతో మేడలెక్కి నీరు పోసినారు.